కామేశ్వరి గారి అనుమానం

ఏలూరు కోర్టు ఎదుట జిరాక్సు కొట్టులో కాగితాలు అందుకున్నప్పుడల్లా, ఆ వేడి కాగితం వాసనకి నాకు తాడేపల్లిగూడెంలో కామేశ్వరి గారి ముందుగది గుర్తొస్తుంది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఆదివారాలు భర్త పౌరోహిత్యానికి వెళ్ళిపోయాక చాపలు పరిచి, లా ఎంట్రన్సు రాసే పిల్లలకి రీజనింగు చెప్పేవారు. ప్రశ్నలు సొంతంగా రాసి, అప్పటికప్పుడు జిరాక్సు తీయించి పంచేవారు. నేను గణపవరం దగ్గర మా ఊరి నుంచి బస్సులో వెళ్ళేదాన్ని. మాది చేపల చెరువుల కుటుంబం. ఇంటరయ్యాక ఒక్క ఏడాది ప్రయత్నించి చూడమన్నారు నాన్న. సీటు రాకపోతే దగ్గర్లోని డిగ్రీ కాలేజీయే గతి. నాకేమో లాయరు కావాలని పట్టుదల.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. జవాబు చెప్పగానే, "ఏ వాక్యాన్ని పట్టుకుని చెప్పావో వేలు పెట్టి చూపించమ్మా" అనేవారు. చూపించలేకపోతే, "ఇది కాగితంలో లేదు, ఇంటి నుంచి తెచ్చుకున్నావు" అని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేవారు. లోకంలో అది నిజమే అయినా సరే, కొట్టేసేవారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ పెన్సిల్ చూస్తే ఒళ్ళు మండేది.

పరీక్ష ఇంకా నెలన్నర ఉందనగా పెద్ద మోడల్ టెస్టు పెట్టారు. ఉండి అనే ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న లలిత వెనక నేను కూర్చున్నాను. తర్వాతి వారం కాగితాలు ఇస్తూ ఆవిడ నా దగ్గర ఆగారు.

"లలితవీ నీవీ నాలుగు తప్పులూ ఒక్కలాగే ఉన్నాయి. చూసి రాశావా?"

"లేదండీ."

"మరి ఇలా ఎలా కలుస్తాయమ్మా?"

వెనక నుంచి ఎవరో "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నారు. సంచి తీసుకుని బయటికొచ్చేశాను. రెండు ఆదివారాలు వెళ్ళలేదు. పుస్తకం తెరిస్తే ఆ గదిలోని మొహాలే కనిపించేవి. సీటు చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది, పౌరుషం అడ్డొచ్చేది.

ఒక శనివారం పొద్దున్న నాన్నా నేనూ చెరువు దగ్గర ఉండగా కామేశ్వరి గారు చెప్పులు చేత్తో పట్టుకుని, బురద గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు. నాన్న కంగారుగా ఎదురెళ్ళారు. ఆవిడ కూర్చోనైనా కూర్చోకుండా రెండు జవాబు కాగితాలు తీశారు.

"ఆ నాలుగు ప్రశ్నలూ చెరువుల మీదవేనండీ. లలిత వాళ్ళకీ చెరువులున్నాయని నాకు నిన్ననే తెలిసింది. ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొస్తాయి, ఇవాళ చేపలు పైకొచ్చాయి, కాబట్టి ఆక్సిజన్ తగ్గినట్టేనా అని అడిగాను. తగ్గినట్టేనని ఇద్దరూ రాశారు."

"అంతేగా మరి! తెల్లారగట్ట చేపలు పైకొస్తే నేను వెంటనే మోటారు వేయించేస్తానండీ. తప్పంటారా?" అన్నారు నాన్న.

"తప్పు కాదండీ. కానీ మేతకీ రావచ్చుగా. మోటారు వెయ్యడానికి అనుమానం చాలండీ. పిల్ల చూసి రాసిందనడానికి చాలదు." అప్పుడు నావైపు తిరిగారు. "వేలు పెట్టి చూపించడానికి నా దగ్గర ఏ వాక్యమూ లేదమ్మా. తప్పు నాది."

నాకు ఏడుపాగలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆవిడ అదే మాట మళ్ళీ చెప్పారు. మిగిలిన మూడు వారాలూ పోగొట్టుకున్న పాఠాలన్నీ నాకు విడిగా చెప్పారు. సీటు వచ్చింది.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. "వాడే చేశాడండీ" అని ఏ కక్షిదారు చెప్పినా, ఏ కాగితం చెబుతోంది, ఏ సాక్షి చూశాడని అడగడం నాకిప్పుడు అలవాటే. పరాయివాళ్ళ అనుమానాన్ని నిలదీయడం తేలిక. పోయిన నెల ఒక ఫైలు కనపడక, ఆఫీసులో అందరి ముందూ మా గుమస్తా రమణయ్యని నానా మాటలూ అన్నాను. అది మా ఇంట్లో నా బీరువాలోనే దొరికింది. మర్నాడు ఏమీ ఎరగనట్టు అతనికి టీ తెప్పించాను. అది క్షమాపణ కాదని నాకు తెలుసు. వారం రోజులు నాతో నేను పోట్లాడి, చివరికి మండవల్లిలో వాళ్ళింటికి వెళ్ళి, భార్యాపిల్లల ముందు తప్పు నాదేనని చెప్పాను.

"దీనికోసం ఇంత దూరం వచ్చారాండీ?" అన్నాడు రమణయ్య.

ఆ రోజు గట్టు మీద నేనూ ఆవిణ్ణి ఆ మాట అడిగి ఉండాల్సింది. ఏడుస్తూ ఉండిపోయాను.