తల వంచేదాకా

జహీరాబాద్‌లో గుర్రాల మాలీష్‌కు సర్కారు శిక్షణ మొదలయ్యేనాటికి ఊళ్లో టాంగాలు సగం పోయి ఆటోలు వచ్చాయి. ఆటోలకు నడుం నొప్పి రాదు. అయినా ఎనభైల మొదట్లో పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్ సాబ్ పట్టుబట్టి రెండు వారాల శిక్షణ మంజూరు చేయించాడు. కారణం మా పెద్దనాయన.

నాయన పోయాక నన్ను పెంచి డిగ్రీ దాకా చదివించింది ఆయనే. స్టేషను నుంచి బస్టాండుకు టాంగా నడిపేవాడు. న్యాల్‌కల్ దిక్కు నుంచి, బీదర్ నుంచి కూడా నడుం పట్టేసిన గుర్రాలను ఆయన దగ్గరికి తోలుకొచ్చేవారు. మందు లేదు, మంత్రం లేదు, రెండు అరచేతులంతే. సూదులకు లొంగని ఒక పెళ్లి బరాత్ గుర్రం ఆయన చేతికింద మూడు రోజుల్లో కుదురుగా నడవడం చూసి, "ఇది పది మందికి నేర్పాలె" అన్నాడు డాక్టర్ సాబ్.

పెద్దనాయనకు రాయడం రాదు. నాకు అదొక్కటే వచ్చు, పైగా ఉద్యోగం లేదు. పాఠాలు రాసే పని నాకు పడింది.

ఆయన పనిలో మొట్టమొదటిది నిలబడడం. గుర్రం భుజం పక్కన, దాని వీపుకు జానెడు దూరంలో అరచెయ్యి చాచి, తాకకుండా నిలబడేవాడు. అది తల కిందికి వంచి పొడుగ్గా ఊపిరి విడిచాకే చెయ్యి వేసేవాడు.

"ఎంతసేపు నిలబడాలె పెద్దనాయనా? రాసుకుంట."

"అది తల వంచేదాక."

"వంచకుంటే?"

"ఇయ్యాల వద్దన్నట్టు. రేపు మల్ల పోవాలె. ఒకలింటికి పోతే, వాళ్లు తలుపు తియ్యకముందే లోపటికి చొరబడ్తమారా?"

నేను 'రెండు నిమిషాలు' అని రాశాను.

మొదటి రోజు పన్నెండు మంది వచ్చారు. టాంగావాళ్లు, బరాత్ గుర్రాలవాళ్లు. డాక్టర్ సాబ్ నా కాగితాలు తిరగేసి, "ఈ మొదటి పాఠంల ఏం నేర్పుతరయ్యా?" అని అడిగాడు.

"నిలబడుడు సార్. గది మన రేషన్ షాపు లైన్ల ఫుకట్‌ల నేర్పుతున్నరనుకోండి," అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. డాక్టర్ సాబ్ నవ్వుతూనే ఆ పాఠం కొట్టేశాడు. పెద్దనాయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. నా జోకుల్లో అంత బాగా పేలింది మరొకటి లేదు.

హాజరు రిజిస్టర్‌లో శిక్షకుడి గడిలో డాక్టర్ సాబ్ పేరు, సహాయకుడి గడిలో నా పేరు. పది పాస్ కానివాళ్లకు గడి లేదు. పెద్దనాయనను 'గుర్రం యజమాని' కింద రాశాం. రోజూ తన గుర్రాన్ని తోలుకొచ్చి, తన పనిని మా నోట విని పోయేవాడు.

మిగతావాళ్ల గుర్రాలు కిరాయిలకు పోవాలి గనుక, నేర్చుకోవడానికి ఆయన ఎర్రగుర్రమే దిక్కయింది. ఎనిమిదేళ్లుగా ఆయన చేతికింద సగం నిద్రపోతూ పెరిగిన గుర్రం. దాన్ని 'అమ్మా' అని పిలిచేవాడు. మా పెద్దమ్మను ఏమని పిలిచేవాడో నాకు గుర్తులేదు. పిలిచినట్టే గుర్తులేదు.

ఇరవై నాలుగు చేతులు, రోజూ అవే చోట్లు. రెండో వారానికి, చెయ్యి ఇంకా తగలకముందే దాని వీపు మీద చర్మం వణకడం మొదలైంది.

"జర ఆపుదాం రా," అన్నాడు పెద్దనాయన. "దానికి మనసొప్పుతలేదు."

"నాలుగు దినాలే ఉన్నయి పెద్దనాయనా. పరీక్ష అయిపోనీ."

పరీక్ష అయిపోయింది. జిల్లా నుంచి వచ్చిన అధికారి ముందు పన్నెండు మందీ వరుసగా నొక్కారు. అది ఎవరినీ తన్నలేదు, కదలలేదు. అందరూ పాసయ్యారు. నాకూ ఒక సర్టిఫికెట్ ఇచ్చారు, నిపుణుడని.

ఆ సాయంత్రం ఇంటి ముందర పెద్దనాయన ఎప్పటిలాగే దాని పక్కన నిలబడి అరచెయ్యి చాచాడు. అది చెవులు వెనక్కి వాల్చి ఒక్క అడుగు పక్కకు జరిగింది.

"అలిసిపోయింది," అన్నాను.

ఆయన చెయ్యి దించుకున్నాడు.

మర్నాడు నిలబడ్డాడు. ఆ మర్నాడూ నిలబడ్డాడు. ఆయన చేతిలోని గడ్డి తినేది, టాంగా లాగేది, పిలిస్తే వచ్చేది. అరచెయ్యి వీపు వైపు లేస్తే మాత్రం ఒక్క అడుగు. మాలీష్ లేక దాని నడుం బిగుసుకుపోతూ వచ్చింది. పాసయినవాళ్లలో ఇద్దరు వచ్చి, "కట్టేసి పట్టుకుంటే అయిపాయె పెద్దమనిషీ, మేం చేస్తం" అన్నారు. పెద్దనాయన వాళ్లకు చాయ్ పోయించి పంపేశాడు. అవతల రెండో బ్యాచీ, మూడో బ్యాచీ నడిచాయి. ఇప్పుడు శిక్షకుడి గడిలో నా పేరు. మొదటి పాఠం, నొప్పి ఉన్న చోటు కనుక్కోవడం. ఇంట్లో నొప్పి ఎక్కడుందో నాకు బాగానే తెలుసు.

రెండో ఎండాకాలం అది టాంగా లాగలేకపోయింది. ఆయన ఇంకో గుర్రాన్ని కొనలేదు. వేరే గుర్రాలను తెస్తే, చేతులు పట్టుతప్పినయని చెప్పి వెనక్కి పంపేవాడు. ఆయన చేతులకేమీ కాలేదు.

ఒక పొద్దున అది లేవలేదు. కాళ్లు ముడుచుకొని పడుకుంది గానీ తల మాత్రం ఎత్తే ఉంచింది. పెద్దనాయన పక్కన కూర్చొని, వీపుకు జానెడు దూరంలో అరచెయ్యి చాచాడు. ఈసారి అది జరగలేదు.

"చెయ్యి పెట్టు పెద్దనాయనా. ఊకున్నది గద."

"లేవ చాతగాక ఊకున్నది బిడ్డా. తల వంచలే."

ఎండ గోడ దాటి మా మీదికి వచ్చేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉంది. చివరికి దాని తల మెల్లగా వాలి నేలకు ఆనింది. పొడుగ్గా ఒక ఊపిరి విడిచింది. మళ్లీ తీసుకోలేదు.

నేను ఆయన వైపు చూశాను.

"గది లెక్కలకు రాదురా," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.