అల్లునికి పడదు... కోడలికి పొగరు

మా చిన్నప్పుడు... కవ్వం చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. గిద్దలూరు దగ్గర పల్లె మాది. బర్రెలు, గొర్రెల మంద... పాడికి కొదవ లేని ఇల్లు.

చిలికేది మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య. మొగం పక్కకు తిప్పుకుని, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని చిలికేది. వెన్న తీసి అందరికీ పెట్టేది... తను మాత్రం పెరుగు, మజ్జిగ ముట్టేది కాదు. ఆ వాసనకే కడుపులో తిప్పేది.

"నాకు పడదత్తా" అనేది మెల్లగా.

"పడకపోవడమేందే? పాడి ఇంటికి కోడలుగా వచ్చి మజ్జిగ వద్దంటే గొడ్లు వట్టిపోతాయి. పొగరు నీకు!" అనేది మా అవ్వ.

ఒకసారి తిరునాళ్ళకు మా మామ వచ్చినాడు. మా మేనత్త భర్త, యర్రగొండపాలెం మనిషి. వంకాయ కూర చూసి "నాకు పడదు" అన్నాడు. అంతే... అవ్వ అప్పటికప్పుడు కోడిగుడ్లు పొరటు చేయించింది. "అల్లునికి పడదని ముందే చెప్పద్దా?" అని మా అమ్మను తిట్టింది కూడా.

మామ తినేసి మంచం మీద వక్కాకు నములుతా ఉన్నాడు. తర్వాత ఆడవాళ్ళు, పిల్లలం కూర్చున్నాం. చిన్నమ్మ సంగటి మీద అవ్వ గరిటెడు మజ్జిగ పోసేసింది.

"ఒక్క ముద్ద తిను. చచ్చిపోవులే."

చిన్నమ్మ కండ్లు మూసుకుని ఒక ముద్ద పెట్టుకుంది... నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దొడ్లోకి పరిగెత్తింది. వాంతి చేసుకోవడం మాకు వినబడుతూనే ఉంది.

"ఏందత్తా, కోడలు నీళ్ళోసుకున్నట్టుందే!" అన్నాడు మామ.

అందరూ పగలబడి నవ్వినారు. పెండ్లయి ఏండ్లు గడిచినా చిన్నమ్మకు అప్పటికి పిల్లలు లేరు. ఆ సంగతి నవ్విన ప్రతి ఒక్కరికీ తెలుసు...

ఆ రోజు నుంచి ఆమె నలుగురితో కలిసి కూర్చుని తినలేదు. అందరూ లేచినాక పొయ్యి పక్కన, గోడ వైపు తిరిగి నాలుగు ముద్దలు... అంతే.

తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వంకాయ పడని మగమనిషికి కోడిగుడ్లు. మజ్జిగ పడని ఆడమనిషికి పొగరని పేరు. ఇద్దరూ అన్నది ఒకే మాట కదా? పెద్దయినా కొందరికి కొన్ని పడవు. ఆ జిగురో, ఆ వాసనో... ఒళ్ళే ఒప్పుకోదు. అది సోకూ కాదు, మొండితనమూ కాదు. నోరు మనది కానప్పుడు కుక్కడానికి మనమెవరం?

మొన్న మార్కాపురంలో మా తమ్ముడు కొత్తింట్లో చేరినాడు. చిన్నమ్మ ఇప్పుడు తల నెరిసిన మనిషి. వద్దంటున్నా చెయ్యి పట్టి తెచ్చి బంతిలో నా పక్కన కూర్చోబెట్టుకున్నా. ఎదురు వరసలో మామ. పెరుగు బకెట్ రాగానే మొదలుపెట్టినాడు.

"ఏం చెల్లెమ్మా, ముసలిదానివైనావు, ఇంకా తగ్గలేదా నీ సోకు? పొయ్యరా అబ్బాయ్, ఒక గరిటె!"

ఆ పిల్లోడు గరిటె వంచినాడు. చిన్నమ్మ ఇస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. లేవబోయింది...

నేను మాట తక్కువ మనిషిని. నా దుకాణంలో కూడా వచ్చినోళ్ళు అడిగినదానికే జవాబు చెప్తా. అయినా ఆ గరిటె పట్టుకుని ఆపినా.

"ఆమెకు పడదు" అన్నా, బంతి అంతా వినబడేటట్లు. "మామా, నీ ఇస్తరిలో వంకాయ వేయమందునా?"

ఎవరో కిసుక్కున నవ్వినారు. ఈసారి నవ్వు చిన్నమ్మ మీద కాదు. మామ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

చిన్నమ్మ లేవలేదు. "ఇంకొంచెం చారు పొయ్యి నాయనా" అని అడిగి పోయించుకుంది. బంతి మొత్తం లేచేదాకా కూర్చుని నిదానంగా తినింది.

కవ్వాలు అటకెక్కినాయి... బర్రెలు పోయినాయి... పెరుగు ప్యాకెట్లలో వస్తోంది. పక్క మనిషి నోటి మీద మన పెత్తనం మాత్రం పోలేదు.

మీ ఇండ్లల్లోనూ గోడ వైపు తిరిగి తిన్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకు ఏం పడదో... ఎప్పుడైనా అడిగినారా? అడిగి ఉంటే ఇక్కడ చెప్పండి.