రెండంగుళాలు లేచిన బండి

పామేడులో ముసలయ్య ఇల్లెక్కడని అడిగితే బండి ఎక్కడుందో చెబుతారు. బండి కనిపిస్తే మనిషి దాని కిందో పక్కనో ఉంటాడు. వయసు యాభై రెండు. పుట్టింది తర్లగూడలో. ఇరవయ్యేళ్లప్పుడు తునికాకు లారీ మీద క్లీనరుగా వచ్చాడు. ఇక్కడి బుల్లమ్మను పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బండిలో లోపలి ఊళ్ల దోర్లి, చెక్‌పోస్టు దగ్గర హిందీ. మూడింటిలోనూ తక్కువే మాట్లాడతాడు.

బండి పాతది, నాలుగు చక్రాలూ లాగే రకం. పామేడు నుంచి లోపలి ఊళ్లకు తిరుగుతుంది. బజారు రోజు మనుషుల్నీ ఇప్పపువ్వు సంచుల్నీ మోస్తుంది. మంగళవారం మా ఆసుపత్రి వాళ్లని తీసుకెళ్తుంది. నేనక్కడ ల్యాబ్ టెక్నీషియన్ని. మా పాపకు పద్నాలుగు నెలలు, ఇంకా పాలు మానలేదు, అందుకని మంగళవారం అదీ నాతో ముందు సీట్లోనే ఉంటుంది. ఆ బండి ముందు చక్రాల మీద నేనింత శ్రద్ధ పెట్టడానికి కారణం అదే.

పోయిన ఏడాది ఆగస్టులో రెండో వాగు దాటి గట్టెక్కుతుండగా ఎడమవైపు ముందు చక్రం పక్కకి ఒరిగిపోయింది. చక్రాన్ని పైనుంచి పట్టుకుని ఉండే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. మెకానిక్కులు అప్పర్ ఆర్మ్ అంటారు. దాని కొసన గుండ్రటి కీలు, బాల్ జాయింట్. ఆ కీలు ఊడింది. బండిలో మాసే అనే ఆమె నొప్పులతో ఉంది. ఆమెను మంచం మీద వేసుకుని మూడు కిలోమీటర్లు మోశారు. బిడ్డ దారిలోనే పుట్టాడు. ఇద్దరూ బతికారు. ముసలయ్య ఆ సంగతి ఎత్తడు. ఊడిన బాల్ జాయింట్‌ని మాత్రం డాష్‌బోర్డు మీద, మిగతా డ్రైవర్లు దేవుడి బొమ్మ పెట్టుకునే చోట పెట్టుకున్నాడు.

ఈ ఏడాది మే నెలలో మా ఆసుపత్రికి వచ్చి ఒక మాట చెప్పి వెళ్లాడు. వానలు పడేలోపు ముందు చేతుల సంగతి తేలకపోతే రెండో వాగు అవతలికి తను రాడు. వానాకాలంలో ఆ వాగు దాటే బండి వేరేది లేదు. అవతల తొమ్మిది ఊళ్లున్నాయి.

సంగతి మొదలైంది రెండేళ్ల కిందట. వాగు రాళ్లు బండి కడుపుకి తగులుతున్నాయని, చర్లలో మెకానిక్ యేసుపాదం చేత స్ప్రింగుల మీద దిమ్మెలు పెట్టించి రెండంగుళాలు లేపించాడు. రాళ్లు తగలడం మానేశాయి. ముందు టైర్లు ఒక అంచునే అరగడం మొదలైంది. మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. బండి లేచింది గానీ ముందు చేతులు పాత ఎత్తుకి చేసినవి. అవి ఎప్పుడూ కిందికి వేలాడుతూ పనిచేస్తున్నాయి. అలాంటప్పుడు బాల్ జాయింట్‌కి ఒక పక్క తిరగడానికి చోటు తగ్గిపోతుంది. చేతులు మార్చాలన్న దాకా అందరిదీ ఒకటే మాట. ఏవి వేయాలన్న దగ్గర ఆగింది.

మా తమ్ముడు అరుణ్ కిరందుల్ గనిలో ఉద్యోగం చేస్తాడు. ఆదివారాలు స్నేహితులతో కలిసి బండ్లు గుట్టలెక్కిస్తుంటాడు. తను వాడి తీసేసిన ఎర్ర రంగు చేతుల జత ఒకటి ఉందంటే చర్లకి తెమ్మన్నాను. ఎవరో చెబితే యేసుపాదం విశాఖలో ఒక చిన్న వర్క్‌షాపు చేసిన నల్లటి జత తెప్పించి పెట్టాడు. పాత చేతుల్నే కోసి, కోణం మార్చి వెల్డింగ్ చేస్తానని కూడా అన్నాడు. దానికి మాత్రం ముసలయ్య అక్కడికక్కడే తల అడ్డంగా ఊపాడు.

జూన్ మొదటి వారం, చర్ల షెడ్డులో గోనెపట్టా మీద రెండు జతలూ పరిచారు. ఎర్రవి అందంగా ఉన్నాయి. మర తిప్పి పొడుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బండికి బిగించే వైపు కుదుపు తినే రబ్బరు బుష్‌ల బదులు ఇనుప గుండ్లు, మూత లేకుండా తెరిచి ఉన్నాయి. నల్లవాటికి సర్దుబాటు లేదు. రెండంగుళాలు లేచిన బండికనే చేసినవి. బాల్ జాయింట్ కూర్చునే గిన్నెను మొదటే కాస్త వంచి పెట్టారు. రబ్బరు బుష్‌లు మామూలువే.

అరుణ్ చెప్పిన పద్ధతిలో నేను సిమెంటు గచ్చు మీద బండిని నిలబెట్టించి, కోణాలు కొలిచి, కాగితం మీద వేశాను. రెండు జతలకీ కీలు తిరిగే చోటు బాగానే మిగిలింది. బండికి ఇంకా ఉన్న పాత చేతులకి కూడా కొంత మిగిలింది. ఈ లెక్కన పోయినేడాది కీలు ఊడి ఉండకూడదు. అది నాసిరకం ముక్క అయి ఉంటుందని అరుణ్ అన్నాడు, యేసుపాదం అవునన్నాడు, నేనూ ఒప్పుకున్నాను.

ముసలయ్య కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇందుల మనుషులేరి బిడ్డా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలిచామని, దానికో పద్ధతి ఉందని చెప్పాను.

"ఖాళీగ ఎన్నడు తోలిన్నే నేను?"

యేసుపాదం నవ్వాడు. పామేడు వెళ్లడానికి జీపు కోసం రోడ్డు మీద కూర్చున్న వాళ్లు పదిహేనుమంది దాకా ఉన్నారు. ముసలయ్య పోయి వాళ్లని పిలుచుకొచ్చాడు. తొమ్మిది మందిని లోపల కూర్చోబెట్టాడు. బండి కాస్త దిగింది. కోణాలు ఇంకా మెరుగయ్యాయి. సరిపోయిందన్నాను. ఆగమని చేత్తో సైగ చేసి, మిగిలిన ఆరుగురినీ వెనక మెట్టు మీదికి ఎక్కమన్నాడు.

ఆ మెట్టు సంగతి ఇక్కడ చెప్పాలి. వాగు వచ్చిందంటే ఆడవాళ్లు, పిల్లలు, జబ్బు మనుషులు తప్ప అందరూ దిగి నీళ్లలో నడుస్తారు. బండి తేలికవుతుందని. వాగు దాటాక ముసలయ్య ఆపడు. ఆ ఎర్రమట్టి గట్టు మీద ఆపితే మళ్లీ కదలదు. వేగం కాస్త తగ్గిస్తాడు, మగవాళ్లు పరుగెత్తి వెనక మెట్టు మీదికి ఎగబాకి వేలాడతారు. తడిసిన మనుషుల్ని గట్టంతా నడిపించని డ్రైవరని ముసలయ్యకు పేరు. ఆ పేరంటే అతనికి ఇష్టం కూడా.

ఆరుగురూ ఎక్కారు. బండి వెనక కుంగి ముక్కు పైకి లేచింది. ముందు చక్రాలు కిందికి వేలాడాయి. లోపలెక్కడో టక్కుమంది.

యేసుపాదం కిందికి దూరి టార్చి వేశాడు. బాల్ జాయింట్ మెడ గిన్నె అంచుకి ఆనుకుని ఉంది. నేను మళ్లీ లెక్క వేశాను. వెనక చక్రాలకి మీటరు అవతల ఆరుగురు నిలబడితే ముందు చక్రాల మీంచి నూట ముప్పై కిలోల దాకా లేచిపోతుంది. గట్టు వాలు అందులో కలవలేదు. అంటే ప్రతి ఎక్కుడులోనూ ఆ మెడ అంచుకి కొట్టుకుంటూనే ఉంది.

ముసలయ్య డాష్‌బోర్డు మీది కీలును తెచ్చి వెలుతురులో తిప్పాడు. మెడకి ఒక వైపున గోరంత చోట మెరుగు పెట్టినట్టు నున్నగా ఉంది. పది నెలలుగా అది అందరి కళ్ల ముందే ఉంది.

"రాయి గాదు, నాసి మాల్ గాదు," అన్నాడు. "ఆ దినం ఏడుగురున్రు ఎనక. నేనే ఎక్కించుకున్న."

యేసుపాదం టార్చి ఆర్పి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఎంపిక తొందరగానే జరిగింది. యేసుపాదం ఎర్ర చేతుల ఇనుప గుండును కుళాయి పక్క బురదలో రెండ్రోజులు పాతిపెట్టి ఉంచాడు. తీసి కడిగి తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరమంది. అరుణ్‌కి అది నచ్చలేదు. తను వారం వారం విప్పి శుభ్రం చేస్తాడనీ, ఎప్పుడూ అలా కాలేదనీ చెప్పాడు.

"కడుగుతవు తమ్మీ, నీ బండికి ఆదివారమొక్కటే పని," అన్నాడు యేసుపాదం. "ఈనకు ఆదివారమే లేదు."

సర్దుబాటు ఉన్నది మేలు కదా అన్న సందేహం నాకింకా ఉంది. ముసలయ్య పక్క దుకాణానికి వెళ్లి సరుకు ఆటోలకి వేసే బాల్ జాయింట్ ఒకటి అడిగి తెచ్చాడు. నల్ల చేతి గిన్నెలో పెట్టి నొక్కాడు. సరిగ్గా కూర్చుంది. దాన్ని తిరిగి ఇచ్చేసి వచ్చి, నల్లవి బిగించమన్నాడు. చర్లలో దొరకని ముక్క తన బండిలో ఉండకూడదన్నది అతని పద్ధతి. ఎర్రవాటి కీలు రాయ్‌పూర్ దాకా పోతేగానీ రాదు.

బిగించాక చక్రాన్ని గాల్లో వేలాడదీసి, చెయ్యి స్ప్రింగుకి తగలడం లేదని చూశారు. అలైన్‌మెంట్ చేయించారు. చర్ల రోడ్డు మీద మలుపు తిప్పి స్టీరింగ్ వదిలితే దానంతటది సూటిగా వచ్చింది. ముసలయ్య ఆ మలుపు మూడుసార్లు తిప్పాడు. షెడ్డుకి తిరిగొచ్చాక రోడ్డు మీంచి ఇంకో ఆరుగురిని పిలిచి మెట్టు ఎక్కించాం. ఈసారి శబ్దం రాలేదు. మెడకీ అంచుకీ మధ్య చిటికెన వేలు పట్టే సందు మిగిలింది. అరుణ్ చాలన్నాడు. యేసుపాదం సగం సామాను సర్దేశాడు.

"ఇంకిద్దరెక్కితే?" అని నన్నడిగాడు ముసలయ్య. "గట్టు మీద?"

లెక్క వేశాను. సందు మిగలడం లేదు. రాసింది చూపించాను.

"ఎక్కనీయకు మరి," అన్నాడు యేసుపాదం.

"నేను వద్దంటే ఆగుతరా? నేను ముంగట జూస్తుంట."

ఇనుము కోసే రంపం ఇమ్మన్నాడు. మెట్టు రెండు కొసలూ తనే కోశాడు. ఒక్కో వైపుకి పావుగంట పట్టింది. తెగిన మెట్టును షెడ్డులోనే వదిలేశాడు.

పామేడులో ఆ వారమంతా అదే కబురు. కొత్త చేతులు ఎవరికీ కనిపించవు, లేని మెట్టు అందరికీ కనిపిస్తుంది. బజారు రోజు ఒక్క తిరుగుడులో అయ్యే పని రెండు తిరుగుళ్లయింది. ముసలయ్యకు ముసలితనం వచ్చిందని కొందరన్నారు. బుల్లమ్మ ఇంటి ముందు చేటతో బియ్యం చెరుగుతూ నాకు వినబడేలా అంది.

"మెట్టు గోసిండు. రేపు తలుపులు గూడ పీకి, నన్నొక్కదాన్ని గూసోబెట్టుకోని తిరుగుతడేమో. ఈ వయసుల."

పక్కనే అన్నం తింటున్న ముసలయ్య వింటూనే ముద్ద మింగాడు.

జూన్ ఇరవై తర్వాత వానలు పట్టాయి. తర్వాతి మంగళవారం ముసలయ్య బండితో ఆసుపత్రికి వచ్చాడు. మాసే తన కొడుకుని టీకాలకి తెచ్చి, అదే బండిలో తిరిగి ఊరికి పోతోంది. వాడికి పది నెలలు, రెండు పళ్లొచ్చాయి. మా పాప, వాడు ముందు సీట్లో ఒకరి వేళ్లు ఒకరు లాక్కుంటున్నారు. రెండో వాగులో నీళ్లు మోకాలి పైదాకా ఉన్నాయి. మగవాళ్లు ఎప్పటిలాగే దిగి నడిచారు. నేను పాపను నడుముకి చున్నీతో కట్టుకుని తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టుకున్నాను.

బండి నీళ్లలోంచి లేచి గట్టు పట్టింది. వెనక పరుగు చప్పుడు వినిపించింది. అలవాటు. అరచేతులు రేకు మీద దబదబా పడ్డాయి. కాలు పెట్టే చోటు లేక ఒక్కొక్కటే జారిపోయాయి.

"ముసలోడా, మమ్ముల మరిచినవా?" అని సుక్కా అరిచాడు. అతనికి అరవై దాటాయి. పోయినేడాది మాసేను మోసిన మంచానికి ముందు కొస పట్టింది అతనే.

ముసలయ్య వేగం తగ్గించలేదు. ముందు చక్రాలు మట్టిని పట్టుకునే ఉన్నాయి. టక్కుమనే చప్పుడు వస్తుందేమోనని విన్నాను. రాలేదు. గట్టు పైన చదునులో ఆపి, ఇంజను తిరుగుతుండగానే దిగి, ఎడమ చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి కీలు మీది రబ్బరు టోపీని తడిమాడు. తర్వాత కుడివైపు.

మగవాళ్లు ఒక్కొక్కరే రొప్పుతూ పైకి వచ్చారు. దోర్లిలో తిట్టిన తిట్లు కొన్ని నాకు అర్థమయ్యాయి. ముసలయ్య అందరూ వచ్చేదాకా బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత డాష్‌బోర్డు మీది పాత కీలును తీసుకెళ్లి సుక్కా చేతిలో పెట్టి, మెడ మీది నున్నటి చోటు వేలితో చూపించాడు. సుక్కా దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ముందు సీట్లోని మాసే వైపూ ఒకసారి చూశాడు.

"ఎక్కుండ్రి," అన్నాడు ముసలయ్య.

సుక్కా కీలు తిరిగిచ్చి బండి వెనక్కి పోయాడు. మెట్టు తెగిన చోట తడిమి, కోత గరుకుగా ఉందని, ఎవరి చెయ్యైనా గీరుకుంటుందని వంక పెట్టాడు. ఇంటికి పోయాక ఆకురాయి పెడతానన్నాడు ముసలయ్య.