నొసటి మీద టైం

పోయిన మంగళవారం కాలేజీ గేటు దగ్గర మా బాపు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. హసన్‌పర్తి దాకా ఎండలో తొక్కుకుంటూ ఆయన ఎన్నడూ రాలేదు. "చాచా పోయిండు బిడ్డా," అన్నాడు. క్యారియర్ మీద కూర్చున్నాను.

చాచాది మట్టెవాడలో మా గోడకు ఆనుకున్న ఇల్లు. సర్కారు దవాఖాన వ్యానులో ఇరవై ఏళ్లు తిరిగాడు. ఎక్కడ లారీ తిరగబడ్డా, ఏ మిల్లులో చెయ్యి నలిగినా, డాక్టరు కంటే ముందు ఆ మనిషిని ముట్టుకునేది చాచాయే. నెత్తురు ఆగకపోతే గాయానికి పైన గుడ్డ బిగించి కట్టేవాడు. కట్టగానే జేబులోంచి పెన్సిలు తీసి, మొన నాలుకకు అద్దుకుని, రోగి నొసటి మీద టైం రాసేవాడు. తడి తగిలితే ఊదారంగు దిగే పెన్సిలు అది.

"కట్టుడు ఎవలకైన వస్తది బిడ్డా. ఎప్పుడు కట్టిన్నో యాది పెట్టుకునుడే కష్టం. శానా సేపు బిగిస్తే కాలే సచ్చిపోతది," అనేవాడు.

"కాయితం మీద రాయొచ్చు గద చాచా?"

"కాయితం యాడనన్న పడిపోతది. నొసలు యాడికి పోతది?"

లోపలి నుంచి చాచీ అందుకునేది. "నయం, అన్నం తిన్న టైం నా నొసటి మీద రాస్తలేడు!"

తొమ్మిదేళ్లప్పుడు నా కాలికి సీసా పెంకు గుచ్చుకుంది. బిగించి కట్టేంత గాయం కాదు. అయినా నా ఏడుపు చూసి చాచా చిన్న పట్టీ వేసి, నా నొసటి మీదా టైం రాశాడు. రెండు రోజులు మొహం కడగనివ్వలేదు నేను. మూడో రోజు అమ్మ సున్నిపిండితో రుద్దినా ఆ రంగు పూర్తిగా పోలేదు.

నేను డిగ్రీలో చేరిన ఏడు కొత్త రూలొచ్చింది. సర్టిఫికెట్ లేనివాళ్లు వ్యానులో రోగిని ముట్టుకోకూడదు. సర్టిఫికెట్‌కు పరీక్ష, పరీక్షకు పదో తరగతి కావాలి. చాచా చదివింది ఏడు, అదీ ఉర్దూలో. అయితే పదేళ్లు గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్‌గా పని చేసినవాళ్లకు పరీక్ష లేకుండానే ఇస్తారట. ఫారం ఇంగ్లీషులో ఉంది. గోడ మీది నుంచి నాకందించాడు.

"డ్రెస్సర్ అని రాయుమన్నడు పెద్ద డాక్టరు. సంతకం తను పెడ్తడంట."

నేను ఆయన అపాయింట్‌మెంట్ కాగితం చూశాను. అందులో స్వీపర్ అని ఉంది.

"అబద్ధం రాస్తే కేసయితది చాచా."

చాచా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సదువుకున్నదానివి, నీకెరుక. ఉన్నదే రాయి."

రాశాను. గుండ్రటి అక్షరాలతో, ఎంతో గర్వంగా. ఇరవై ఏళ్లు ఆయన చేసిన పని వదిలేసి, సర్కారు ఆయనకు పెట్టిన పేరు రాశాను. స్వీపర్‌కు సర్టిఫికెట్ రాదని జవాబొచ్చింది. కొత్త ఫారంలో డ్రెస్సర్ అని రాసి, డాక్టరు సంతకం పెట్టించి నేనే ఆఫీసుకు పట్టుకుపోయాను. గుమాస్తా పాత ఫారం తీసి నా ముందు పెట్టాడు. "ముందుగాల మీరే స్వీపర్ అని రాసిన్రు గదమ్మా. ఏది నమ్మాలె?" నా చేతిరాతే.

ఆ తర్వాత చాచా స్ట్రెచర్ మోయడానికే వ్యానెక్కేవాడు. కట్లు కట్టడానికి సర్టిఫికెట్ ఉన్న ఒకాయన కొత్తగా వచ్చాడు. చాచా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని ఆయనకు ఒక్కొక్కటే చెప్పేవాడట. పెన్సిలు కూడా ఆయనకే ఇచ్చేశాడు. నన్ను ఒక్క మాటనలేదు. ఏమన్నా అంటే బాగుండేది. నేను గోడ దగ్గరికి పోవడం తగ్గించాను. "ఏం బిడ్డా, కనవడ్తలేవు, పరీక్షలా?" అని అడిగేవాడు. అవునని అబద్ధం చెప్పేదాన్ని. ఆ అబద్ధాలు మాత్రం బాగానే వచ్చాయి నాకు.

మంగళవారం పొద్దున వర్ధన్నపేట దగ్గర ఎవరికో దెబ్బలు తగిలాయంటే వ్యాను పోయింది. స్ట్రెచర్ దించుతుంటే వెనక నుంచి లారీ వచ్చి చాచా తొడను నలిపేసింది. కొత్తాయన ఇదంతా వాకిట్లో నిలబడి నాకు చెప్పాడు. ఆయన చొక్కా ఇంకా మార్చుకోలేదు.

"తన కాలుకు ఎట్ల కట్టాల్నో తనే చెప్పిండమ్మా. గట్టిగ గుంజు, ఫికర్ చెయ్యకు అన్నడు. కట్టినంక, టైం రాయలేదేంది అన్నడు. అదే ఆఖరి మాట."

మామునూరు దాటక ముందే ప్రాణం పోయిందట.

స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టాక, మొహం చూడమని చాచీ నన్ను లోపలికి పిలిచింది. దగ్గరికి పోయి వంగాను. ఎంత కడిగినా పోని ఊదారంగు ఆయన నొసటి మీద పలచగా మిగిలి ఉంది. పదకొండు పది. అంకెలు వంకరగా ఉన్నాయి, వ్యాను కదులుతుండగా రాసినట్టు.