నిశ్శబ్దం మీద వీణ

తొంభైల చివర ఒక వేసవిలో, అనంతపురం ప్రాంతంలోని ఒక రేడియో కేంద్రానికి ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా బదిలీ మీద వెళ్ళాను. సాయంత్రపు యువజన కార్యక్రమం నాకు అప్పగించారు. అప్పటిదాకా అందులో లలిత గీతాలు, పోటీ పరీక్షల సలహాలు వచ్చేవి. చప్పిడి కూడులాంటి కార్యక్రమం.

అప్పుడు వచ్చాడు ఓబులేసు. గుంతకల్లు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరు. ఇద్దరు స్నేహితులతో ‘ఇనుప కూత’ అనే రాక్ బృందం నడిపేవాడు. గిటారు, డ్రమ్ములతో పాటు వాళ్ళ దగ్గర శాంప్లరు ఉండేది. బయట రికార్డు చేసిన ఏ చప్పుడునైనా మీట నొక్కగానే పలికించే పెట్టె అది. వ్యాగన్లు గుద్దుకునే మోత వాళ్ళకు తాళం, చెనిక్కాయలు ఒలిచే మిషను వాళ్ళకు శ్రుతి. టేపు విన్న మా ఎంపిక సంఘంలో ఒక విద్వాంసుడు చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. పోట్లాడి ఒక పాటకు అనుమతి తెచ్చాను.

ఓబులేసు నాయన గార్లదిన్నె దగ్గర రైతు. కొడుకు జీతమంతా పెట్టెల మీద తగలేస్తున్నాడని ఆయన కోపం. రేడియోలో వస్తే అది పాటేనని ఒప్పుకుంటానని, రాకపోతే పెట్టెలన్నీ అమ్మేయాలని కొడుకుతో తేల్చి చెప్పాడట. ప్రసారం రోజున ఊరివాళ్ళందరినీ టీ అంగడి దగ్గరికి పిలిచాడు.

మా స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మీటరు ఊరి బయట. అక్కడి షిఫ్టు ఇంజనీరు ప్రసారాన్ని వింటూ కూర్చుంటాడు. లైనులో గరగర మొదలై, ఆపైన ఏమీ వినిపించకపోతే లైను తెగినట్టే లెక్క. వెంటనే తన దగ్గరున్న ఫిల్లరు, అంటే ఖాళీని నింపే సంగీతం, వేసేస్తాడు. ఓబులేసు పాటలో బోరు తవ్వే రిగ్గు గరగరమంటూ సాగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాతే గిటారు విరుచుకుపడుతుంది. పాపం, ఇంజనీరు నియమం తప్పలేదు. నిశ్శబ్దం రాగానే వీణ మోగించి, అంతరాయానికి చింతిస్తున్నామని తనే చెప్పాడు. లైను సరిచూసి తిరిగి కలిపేలోపే టేపు అయిపోయింది, మిగతా పాట ఎవరికీ వినపడలేదు.

మర్నాడు తండ్రీకొడుకులు మా గదికి వచ్చారు. ఓబులేసు తల ఎత్తలేదు. రేడియోకే తలనొప్పి వచ్చిందని ఊరంతా నవ్విందట. లైను తెగిందనుకున్నారని నేను సర్దిచెప్పబోయాను. పెద్దాయన అడ్డుకున్నాడు.

“యాడ తెగిందప్పా? ఆ బోరు మాది. నీళ్ళు పడలే. రిగ్గాయన మిషను ఆపినాక ఎవురూ మాట్లాడలే. మావోడు అది కూడా టేపులో పట్టినాడు. దాని మీద మీరు వీణ వాయించినారు.”

ఆ టేపు బీరువాలోంచి మళ్ళీ బయటికి తీశాను.

మరుసటి వారం అదే పాట మళ్ళీ వేయించాను. ట్రాన్స్‌మీటరుకు ముందే ఫోను చేశాను. మధ్యలో వచ్చే నిశ్శబ్దం కూడా పాటలో భాగమేనని అనౌన్సరు చేత చెప్పించాను. పెద్దాయన ఈసారి ఊళ్ళో వినలేదు, మా డ్యూటీ గదిలో స్పీకరు ముందు కూర్చున్నాడు. రిగ్గు ఆగింది. ఆయన తువ్వాలు పిడికిట బిగించి నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. పాట ముగిశాక లేచాడు.

“పాట సంగతి నాకు తెలీదు సార్. ఆ పొద్దు మాత్రం అచ్చం అట్లనే ఉండె,” అన్నాడు. కొడుకు వైపు తిరిగి, “పెట్టెలు ఉండనీలే,” అన్నాడు.

ఇప్పటికీ ఎక్కడైనా బోరు రిగ్గు మోత వింటే ఆ గది, ఆ తువ్వాలు గుర్తొస్తాయి. ఆ రోజుల మీద బెంగగానే ఉంటుంది.

ఏది ఎప్పుడు వినిపించాలో రాసే కాగితాన్ని మేము క్యూ షీటు అంటాం. రిటైరయ్యేదాకా నా క్యూ షీట్లలో మాటలు, పాటలతో పాటు నిశ్శబ్దాన్నీ ఒక అంశంగా రాయించాను. ఖాళీ కనిపిస్తే నింపమని ఉద్యోగం మాకు నేర్పింది. నింపే ముందు అది ఎవరిదో కనుక్కోవాలని ఆ రైతు నేర్పాడు.