పొద్దుగాల పోతానన్నది

మా విశ్వాసుల్లో ఒట్టు పెట్టకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు... అంతే. ఏడాదికి ఒకసారైనా మా ఆయన దీని మీద బోధిస్తాడు. అందుకే నేను ఒట్లు పెట్టను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నా కళ్ళతో చూసింది, నా చెవులతో విన్నది చెబుతున్నాను. కల అంటారేమో... ఆ రాత్రి నేను కునుకు కూడా తీయలేదు.

మాది మంచిర్యాల పక్కన బొగ్గు బాయిల ఊరు, బాయి అంటే గని. మా ఆయన పాస్టరు. క్వార్టర్ల వెనక ఉన్న రేకుల షెడ్డే మా మందిరం. దానికి ఆనుకున్న రెండు గదులే మా ఇల్లు. దయ్యాలంటే నాకు భయం లేదు, ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఎవరో ఒకరిని పట్టుకొస్తారు. వాళ్ళు జుట్టు విరబోసుకుని ఊగుతారు, అరుస్తారు. మా ఆయన గద్దిస్తాడు. పడిపోతారు, లేస్తారు. తర్వాత వాళ్ళకు నీళ్ళిచ్చేది నేను, చాపలు దులిపేది నేను, వెంట వచ్చినవాళ్ళకు అన్నం వండేది నేను. దయ్యమంటే నాకు ఇంకో సోలెడు బియ్యం. అంతే.

ఒక్క మాట దగ్గర మాత్రం మా ఆయన దిగడు. బాప్తిస్మం తీసుకున్న విశ్వాసిలోకి దయ్యం రాదంటాడు. "మాలిక్ ఉన్న ఇంట్ల ఇంకోడు ఎట్ల దిగుతడు? తాళంచెవి ఎవని చేతుల ఉన్నది?" అని అడుగుతాడు. ఆ మాలిక్, ఆ యజమాని, యేసే. ఒకవేళ వచ్చిందా... ఆ బాప్తిస్మం ఉత్త స్నానం కిందే లెక్క.

కరుణమ్మ మా సంఘంలో పాటలు ఎత్తుకునే మనిషి. గోదావరిలో బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్ళయింది. భర్త రాజేశం బాయిలో పని చేస్తాడు. ఆమెకు పొద్దంతా కుట్టుమిషను, రాత్రంతా మంచం పట్టిన అత్త. అయినా ఆమె నవ్వని రోజు నేను చూడలేదు. అలాంటిది ఒక సాయంత్రం రాజేశం బండి మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, అయ్యగారిని జర జల్ది రమ్మనుండ్రి. కరుణ... కరుణ లెక్క లేదు."

వెళ్ళాం. కేకలుంటాయనుకున్నాను. లేవు. కరుణమ్మ తుంగచాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం చాప అంచు మీద ఆడుతోంది. ఒక పుల్ల పీకుతుంది... ఆగుతుంది... ఇంకో పుల్ల పీకుతుంది. పక్కన చిన్న కుప్ప పడింది.

"ఎవలు నువ్వు?" అని గద్దించాడు మా ఆయన.

అది ఆయన పద్ధతి. ముందు పేరు అడుగుతాడు. తర్వాత ఎప్పుడు వచ్చావంటాడు. చివరికి ఎక్కడికి పోవాలో చెప్పి మరీ తరుముతాడు... అగాధానికి పొమ్మంటాడు. ఆ చివరి మాట తప్పకూడదు. చెప్పకపోతే అది అక్కడే గడపలో తచ్చాడుతుందని నాకు నేర్పింది ఆయనే.

కరుణమ్మ పేరు చెప్పలేదు. "నిద్రొస్తుంది" అంది. ఆ గొంతు... ఎలా చెప్పను మీకు. ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. బాగా అలసిపోయిన గొంతు. ఎంతో దూరం నడిచొచ్చి గుమ్మంలో కూలబడ్డ మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో, అలా ఉంది.

ప్రార్థన చాలాసేపు సాగింది. మా ఆయన ఆ వారం ఒక్క రాత్రీ సరిగ్గా పడుకోలేదు. గొంతు బొంగురుపోయింది. ఆఖరికి "పో! యేసు నామంల పో!" అని అరిచాడు. బొటనవేలు ఆగింది. కరుణమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుని నీళ్ళడిగింది. అందరూ స్తోత్రం అన్నారు, నేనూ అన్నాను.

పొమ్మన్నాడు. ఎక్కడికి పోవాలో... ఆ మాట మాత్రం రాలేదు. నేను పక్కనే ఉన్నాను, రాలేదు. చెబుదామని నోటి దాకా వచ్చింది. ఇంతలో రాజేశం చాయ్ తెచ్చాడు. నాకూ నిద్ర ముంచుకొస్తోంది.

చాయ్ తాగుతూనే మా ఆయన తీర్పు చెప్పేశాడు. "చెల్లె, నీ బాప్తిస్మం పట్టలే. మల్ల తీసుకోవాలె. గప్పటిదాక బల్ల దగ్గరికి రాకు."

బల్ల అంటే మాకు నెలకోసారి అందరం కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. దాని దగ్గరికి రావద్దంటే ఇంట్లోంచి గెంటేసినట్టే. కరుణమ్మ ఏడవలేదు.

"గన్నేండ్లు నేను నమ్మింది అబద్ధమేనా అయ్యగారూ?" అంది.

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. దారిలో బండి మీద, "గంత మాట అనాల్నా?" అని అడిగాను. "వాక్యం నా సొంతమా?" అన్నాడు.

పడుకున్నాం. నాకు కన్ను మూతపడలేదు, కరుణమ్మ మాటే చెవుల్లో తిరుగుతోంది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆగగానే రోజూ వినే చప్పుళ్ళన్నీ పైకి వచ్చాయి. చల్లబడుతున్న రేకుల టిక్కు టిక్కు... దూరంగా బాయి దగ్గర వెనక్కి వచ్చే లారీల కూత... వాడలో ఒక కుక్క. అన్నీ అలవాటైనవే. వాటి మధ్యలో ఇంకోటి.

చర్... ఆగింది.

చర్... ఆగింది.

ఎలుక అనుకున్నాను. మా ఇంట్లో ఎలుకలకు కొదవ లేదు. చప్పట్లు కొట్టాను. ఎలుకైతే పారిపోవాలి కదా. పోలేదు. చర్... నా పక్కనుంచే. చాలా దగ్గర్నుంచి. ఫోను వెలిగించాను.

మా ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. రెప్ప పడటం లేదు. కుడిచేతి బొటనవేలు దుప్పటి అంచు మీద ఉంది. ఒక దారం పీకుతుంది... ఆగుతుంది... ఇంకో దారం.

"ఏమయ్యా" అన్నాను. భుజం పట్టుకున్నాను. సినిమాల్లోలాగా ఒళ్ళు మంచులా లేదు. మామూలు వెచ్చదనమే, రోజూ నా పక్కన ఉండే వెచ్చదనమే. అందుకే ఇంకా భయం వేసింది. అప్పుడు పెదాలు కదిలాయి.

"అవ్వా..."

మావైపు అవ్వ అంటే అమ్మ. మా ఆయన నన్ను ఎన్నడూ అవ్వా అనలేదు. 'ఏమే' అంటాడు. కోపమొస్తే పేరు పెట్టి పిలుస్తాడు. కానీ ఆ గొంతు నాకు తెలుసు. సాయంత్రం విన్నాను... కరుణమ్మ నోట్లోంచి.

"అవ్వా... ఎల్లగొట్టకు. జర పండనియ్యి. పొద్దుగాల పోతా."

నాకు అన్నీ తెలుసు. ఎలా గద్దించాలో, ఏమనాలో, ప్రార్థన నూనె సీసా ఏ గూట్లో ఉందో. అయినా గద్దించలేదు. భయంతో అంటారు మీరు. సగం భయమే. మిగతా సగం జాలి. ఏదో ఒక ప్రాణం నిద్రపోతానని బతిమాలుతోంది. దాన్ని లేపి తరిమే ఓపిక నాలో ఏదీ? పోనీ పక్కింటివాళ్ళను పిలుద్దామా అంటే... పిలిస్తే తెల్లారేసరికి సంఘమంతా తెలుస్తుంది. ఆయన పెట్టిన లెక్క ప్రకారం ఆయన బాప్తిస్మమూ ఉత్త స్నానమే అవుతుంది. ఇన్నేళ్ళ సేవ ఏమైపోవాలి? ఆయన నీళ్ళలో ముంచి లేపిన మనుషులంతా ఏమైపోవాలి?

"పొద్దుగాల పోతవా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"పోతా."

బొటనవేలు ఆగింది. కళ్ళు మెల్లగా మూతపడ్డాయి. కాసేపటికి గురక మొదలైంది. అది మా ఆయన గురకే, మధ్యలో సన్నగా ఈల వస్తుంది. దుప్పటి భుజాల దాకా లాగి కప్పాను. ఎవరికి కప్పానో ఆ దేవుడికే తెలియాలి.

గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారజేశాను. మొదటి షిఫ్టు సైరన్ మోగింది. ఆయన లేచాడు, ముఖం కడుక్కున్నాడు, చాయ్ అడిగాడు.

"మస్తు నిద్ర పట్టిందే. గిట్ల ఎన్నడు పట్టలే" అన్నాడు.

"రాత్రి నాతోని ఏమన్న అన్నవా?"

"ఏమంటా?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. దుప్పటి మడతపెడుతుంటే దారాలు రాలాయి. ఊడ్చి పారేశాను.

నిద్రలో కలవరించాడు అంటారు. చాలా రోజులు నేనూ అదే అనుకున్నాను. సాయంత్రమంతా కరుణమ్మనే చూశాడు, అలసిపోయాడు, చూసిందే నిద్రలో చేశాడు. కావచ్చు. కరుణమ్మకు కూడా అంతే కావచ్చు... కాసేపు నడుము వాల్చడానికి ఆ ఇంట్లో ఆమెకు ఇంకో దారి ఏదీ? కానీ ఆమెలో పలికిన గొంతు ఈయన నోట్లోకి ఎలా వచ్చింది? నన్ను అవ్వా అని ఎందుకు పిలిచింది? ఎంత ఆలోచించినా తెగలేదు.

తర్వాత బల్ల ఆదివారం వచ్చింది. కరుణమ్మ ఆఖరి చాప మీద, గుమ్మం పక్కన, కొంగు కప్పుకుని కూర్చుంది. మా ఆయన మళ్ళీ అదే బోధించాడు... మాలిక్, తాళంచెవి. ఒక్కొక్కరే ముందుకు పోయి రొట్టె తీసుకుంటున్నారు. ఆమె కదల్లేదు. నా వంతు వచ్చింది. ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేకపోయాను. ఈ రొట్టె పంచే చెయ్యి సంగతి నాకొక్కదానికే తెలుసు కదా. అది పంచవచ్చు, కరుణమ్మ తినకూడదా? వెనక్కి తిరిగి నడిచాను. ముక్కను రెండు చేసి ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

"అమ్మగారూ... అయ్యగారు చూస్తుండ్రు."

"సూడనీ. తిను చెల్లె."

మా ఆయన ఊరుకునే మనిషి కాదు. సొంత తమ్ముణ్ణే ఇదే బల్ల దగ్గర్నుంచి లేపి పంపాడు. ఆయన అరుపుకు సిద్ధపడే వెనక్కి తిరిగాను. అరవలేదు. నా వైపే చూశాడు. తర్వాత మెల్లగా తలూపాడు, తిననియ్యి అన్నట్టు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మారాడనుకున్నాను. స్తోత్రం అనబోయాను. అప్పుడు నా చూపు ఆయన చేతి మీద పడింది. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ అంచు దగ్గర ఉంది ఆ చెయ్యి. బొటనవేలు ఒక దారం పీకింది... ఆగింది.

తలూపింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కరుణమ్మ మళ్ళీ పాటలు ఎత్తుకుంటోంది. మా ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా నేనే లేచి కూర్చుంటున్నాను. పొద్దుగాల పోతానన్నది. ఏ పొద్దున అని నేను అడగలేదు.