దేవదారు నల్లి

పని మొదలుపెట్టే ముందు జ్యోతిర్మయి ఫ్యాను ఆపుతుంది, జుట్టు బిగించి ముడేస్తుంది, ఊపిరి కూడా పొదుపుగానే తీస్తుంది. పరిశోధనకని హిమాలయాల దేవదారు బెరడులోంచి తెచ్చిన ఈ చెట్టు నల్లులు ఆవగింజలో పదోవంతు కూడా ఉండవు. అగ్గిపుల్లకు అంటించిన తన కనురెప్ప వెంట్రుకతోనే వాటిని కదుపుతుంది. తిఫ్రా అనే ఆ ఊళ్ళో వాళ్ళ ఇంటి వెనకే రైలు పట్టాలు. బొగ్గు గూడ్సు వచ్చిందంటే మైక్రోస్కోపు వణుకుతుంది. లావుకాళ్ళవి పాత జాతి, సన్నకాళ్ళవి కొత్తదని ఇన్నాళ్ళూ వాదించింది. కొత్తదానికి నాన్న పేరు పెడతానని మాట కూడా ఇచ్చేసింది. తీరా చూస్తే లావుకాళ్ళవన్నీ మగవి, సన్నకాళ్ళవన్నీ ఆడవి. చూడాల్సిన సన్నకాళ్ళది ఇంకొక్కటే మిగిలింది. అది మగదైతేనే ఆమె మాట నిలుస్తుంది.

అంతలో గూడ్సు వచ్చింది. బల్ల అదిరినంతసేపూ చేతులు గాల్లోనే ఉంచింది. "ఎల్లిపోనాదమ్మా, కానీ," అన్నాడు గుమ్మంలోంచి ఆమె తండ్రి, రిటైర్డు రైల్వే గార్డు సన్యాసిరావు. ఆమె నల్లిని మెల్లగా వెల్లకిలా తిప్పింది. గాజులాంటి పొట్టలో నిండుగా ఒక గుడ్డు కనిపించింది. "ఏటైనాది?" అన్నాడాయన. "రెండూ ఒకే జాతి నాన్నా. మొగుడూ పెళ్ళాల్ని నేనే వేరు పెట్టేశాను." "అచ్ఛా," అన్నాడాయన. తర్వాత లేచొచ్చి, స్విచ్చి మీద చెయ్యేసి అడిగాడు: "ఇప్పుడు ఫ్యానెయ్యొచ్చా?" "ఉండు నాన్నా," అని ఆమె ఆ గుడ్డున్నదాని మీద గాజుమూత పెట్టింది.